సూది కంటే రిజిస్టరే భయపెట్టాలి: వైద్య ప్రయోగాల మీద హారర్ నవల రాసేవాళ్లకు

తిరుపతి చుట్టుపక్కల కథ నడుపుతూ వైద్య ప్రయోగాల మీద నవల రాయాలనుకుంటే, ముందు నెత్తురూ కత్తులూ పక్కన పెట్టండి. ఇలాంటి కథల్లో భయపెట్టేవాడు మర్యాదగా మాట్లాడతాడు, అన్నం పెడతాడు.

మొదట టస్కెగీ ప్రయోగం గురించి చదవండి. అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లను, జబ్బులేని 201 మందిని ప్రభుత్వ వైద్యులు ఊరికే గమనిస్తూ వచ్చారు. 1940ల చివరికి ఆ జబ్బును నయం చేసే పెనిసిలిన్ అందరికీ దొరుకుతున్నా వాళ్లకు ఇవ్వలేదు. ఇచ్చినవి కారు ప్రయాణం, వేడి భోజనం, శవపరీక్షకు ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు. పరీక్ష కోసం వెన్నులోంచి నీరు తీయడానికి రమ్మన్న ఉత్తరంలో 'ప్రత్యేక ఉచిత చికిత్స' అని రాశారు. ఆ ఒక్క మాట చాలు, మీ నవలకు గొంతు దొరికినట్టే.

నల్లజాతి అన్నచోట ఇక్కడి కులం పేరు అతికిస్తే మాత్రం కథ నిలవదు. ఇక్కడ ఎవరి తరఫున ఇంకొకరు సంతకం చేసేస్తారో చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో, చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది. అక్కడ తప్పు టీకాది కాదు, అనుమతి తీసుకున్న తీరుది. ఈ తేడా చెరిపేస్తే మీ నవల పుకారుగా మిగులుతుంది.

శ్రీకాళహస్తి వైపు ఒక యానాది కాలనీ, ఒక హాస్టల్ తీసుకోండి. మొదటి మూడు అధ్యాయాల్లో ఎవరికీ హాని జరగకూడదు. భోజనంలో గుడ్డు చేరాలి, బరువు తూచే రోజులు దగ్గర పడాలి. వేలిముద్ర సన్నివేశం నింపాదిగా రాయండి: స్టాంపు ప్యాడు, ఎడమ బొటనవేలు, చదివి వినిపించని ఇంగ్లీషు ఫారం, "ఈడ పెట్టు నాయనా, అంతే" అనే నర్సు. ఆ తర్వాత రిజిస్టరులో పిల్ల పేరు పోయి అంకె వస్తుంది. కథ చెప్పే గొంతు మాత్రం ఎప్పుడూ పేరుతోనే పిలవాలి.

కాలం సరిచూసుకోండి. మందుల ప్రయోగాల మీద మన దేశంలో వచ్చిన 2019 నిబంధనల ప్రకారం చదువురానివాళ్ల దగ్గర అనుమతి తీసుకుంటే ప్రయోగంతో సంబంధంలేని సాక్షి ఉండాలి. కొత్త మందైతే, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ల అనుమతిని వీడియో తీయాలి. కథ ఆ తర్వాతదైతే కెమెరా ముందు తల ఊపే తల్లిని చూపించండి, ఇంకా భయం వేస్తుంది.

చాలా నవలలు చివర్లో చెడతాయి: డాక్టరు పది పేజీలు నేరం ఒప్పుకుంటాడు. వద్దు. అతను తనది సేవే అని నమ్మాలి. నిజమైన ఆసుపత్రి పేరు పెట్టొద్దు. కొందరి శరీరాలే వేరు అన్న మాట పాత్ర నోట రావచ్చు, కథ మాత్రం దాన్ని ఒప్పుకోకూడదు.

చిత్తుప్రతిని ఒక డాక్టరుకూ, ఆ కాలనీ మనిషికీ చదివి వినిపించండి. కాలనీ మనిషికి ముందు.