బ్రౌనీ చేసే ముందు చూసుకోవాల్సినవి

బ్రౌనీ తేలికైన వంటే. కానీ పిండి కలిపాక ఆగి వెతుక్కునే టైమ్ ఉండదు. అందుకే ముందే ఇవి చూసుకోండి.

– గుడ్లు ఫ్రిజ్‌లోంచి అరగంట, గంట ముందే తీసి పెట్టండి. చల్లటి గుడ్లు కలిపితే కరిగిన చాక్లెట్, వెన్న గడ్డకడతాయి.

– అన్నిటికంటే ముఖ్యం: చాక్లెట్ కరిగించే గిన్నె, గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. కాస్త తడి తగిలినా నున్నటి చాక్లెట్ బిరుసెక్కి ముద్దలు కట్టేస్తుంది. మరిగే నీళ్ల మీద కరిగిస్తుంటే గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. మూత అసలు పెట్టకండి, ఆవిరి చుక్కలై లోపల పడుతుంది. మైక్రోవేవ్‌లో అయితే 30 సెకన్లకోసారి తీసి కలపాలి. పైకి ముక్కలు అలాగే కనిపిస్తాయి, లోపల మాడిపోతుంటుంది. దీనికి తొందర పనికిరాదు.

– కోకో డబ్బా చదవండి. డ్రింకింగ్ చాక్లెట్‌లో సాధారణంగా చక్కెర కలిసి ఉంటుంది, దాన్ని బదులుగా వాడొద్దు.

– టిన్ కొలత రెసిపీలో చెప్పినంతే ఉందా? పెద్దదైతే పలచబడి ఎండిపోతుంది. బేకింగ్ పేపర్ ముందే పరిచి ఉంచండి.

– ఒవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్‌లో, కనీసం 15 నిమిషాల ముందే వేడి చేసి ఉంచండి.

– తినేవాళ్లలో ఎవరికైనా నట్స్ అలర్జీ ఉందేమో తప్పకుండా అడగండి.

– పచ్చి పిండి రుచి చూడొద్దు, పిల్లలకు గరిటె నాకనివ్వొద్దు. గుడ్డే కాదు, మైదా కూడా పచ్చిదే.

– టూత్‌పిక్ దగ్గర పెట్టుకోండి. బ్రౌనీలో గుచ్చి తీస్తే తడిగా ఉన్న చిన్న ముక్కలు కాస్త అంటుకోవాలి. శుభ్రంగా వచ్చిందంటే ఎక్కువ ఉడికినట్టే.