జపాన్ వేడినీటి బుగ్గల విడిదిలో ఒక రాత్రి: ఎలా వెళ్ళాలి, ఎలా మెలగాలి

జపాన్‌లో వేడినీటి బుగ్గను ఒన్సెన్ అంటారు. ఆ బుగ్గ నీటిని తన స్నానశాలలోకి మళ్ళించుకొని, తతామి చాపలు పరిచిన గదుల్లో అతిథులను ఉంచి, రెండు పూటలా వండి వడ్డించే సంప్రదాయ విడిదికి ర్యోకాన్ అని పేరు. అక్కడ ఒక రాత్రి గడపాలనుకునే వారికి నేను అన్నింటికంటే ముందు చెప్పేది, మధ్యాహ్నం మూడు గంటలకల్లా అక్కడికి చేరుకోమని. చాలా ర్యోకాన్లలో గది చేతికిచ్చేది మూడింటికి, ఖాళీ చేయవలసినది మరునాడు ఉదయం పదింటికి. ఈ పంతొమ్మిది గంటలనూ వారు ఒక వరుసలో అమర్చి ఉంచుతారు: రాగానే టీ, భోజనానికి ముందు ఒక స్నానం, ఆరింటికో ఆరున్నరకో విందు, పడుకోబోయే ముందు మరో స్నానం, తెల్లవారాక ఇంకొకటి, ఆపై ఉదయపు భోజనం. పగలంతా ఊళ్ళు తిరిగి రాత్రికి పడక కోసం వచ్చేవారు మొత్తం డబ్బు చెల్లించి ఈ వరుసలో సగం పోగొట్టుకుంటారు. నా మొదటి బసలో నేను చేసిన పొరపాటు అదే. రైళ్ళు మారడంలో ఆలస్యమై ఎనిమిదింటికి చేరేసరికి, నా ఒక్కరి కోసం వంటగది ఇంకా తెరిచి ఉంది. వడ్డించడానికి వచ్చిన పెద్దావిడ వంటకాలు త్వరత్వరగా తెస్తున్నందుకు తానే క్షమాపణ అడిగింది. ఆ తరువాత ఎప్పుడూ నేను మూడు దాటనివ్వలేదు.

ఊరి ఎంపిక దగ్గరే మీ బస ఎలా ఉండబోతుందో చాలావరకు తేలిపోతుంది. జపాన్‌లో 1948 నాటి ఒన్సెన్ చట్టం ప్రకారం, భూమిలోంచి వచ్చే నీరు ఒన్సెన్ అనిపించుకోవాలంటే కనీసం 25 డిగ్రీల సెల్సియస్ వేడి అయినా కలిగి ఉండాలి, లేదా చట్టం పేర్కొన్న 19 పదార్థాలలో కనీసం ఒకటైనా నిర్ణీత మోతాదులో కలిగి ఉండాలి. కాబట్టి ఒన్సెన్ అన్న ఒక్క మాట కింద ఎన్నో రకాల నీళ్ళు ఉన్నాయి. గున్మా ప్రాంతంలోని కుసాత్సు నీరు బాగా ఆమ్లగుణం కలది. బుగ్గ దగ్గర అది ఒళ్ళు కాలేంత వేడిగా ఉంటుంది కనుక, చన్నీళ్ళు కలిపి పలచన చేయకుండా పొడవాటి చెక్కలతో కలియబెట్టి చల్లార్చే పద్ధతి అక్కడ పూర్వం నుంచి ఉంది. కోబె నగరపు కొండల్లోని అరిమాలో ఇనుము, ఉప్పు కలిసిన ఎర్రమట్టి రంగు నీరు ఉంటుంది, అది తెల్ల తువ్వాలుకు మరక అంటిస్తుంది. హ్యోగో ప్రాంతపు కినోసాకిలో ఊరంతా ఒకే పెద్ద విడిదిలా నడుస్తుంది. అక్కడి ఏడు ఊరుమ్మడి స్నానశాలలకు అతిథులు యుకతా అనే నూలు అంగీ తొడుక్కొని, చెక్క పాదరక్షలు టకటకలాడించుకుంటూ కాలువ వెంట నడిచి వెళ్తారు. క్యూషూ దీవిలోని కురొకావాలో చెక్కతో చేసిన ఒక పాసు కొంటే వేర్వేరు విడుదుల్లోని మూడు ఆరుబయటి కొలనుల్లో స్నానం చేయవచ్చు. తొలిసారి వెళ్ళేవారికి నేను కినోసాకినే సూచిస్తాను. క్యోటో నుంచి నేరుగా రైలు ఉంది, ఊరు నడకకు అందేంత చిన్నది, అతిథి ఏం చేయాలో చూసి నేర్చుకోవడానికి వీధి నిండా మనుషులుంటారు. ఎంతో పాత విడిదిని చూడాలనే కోరిక ఉన్నవారు యమనాషి కొండల్లోని కెయిఉన్‌కాన్‌కు వెళ్ళవచ్చు. అది 705లో మొదలైందని, ప్రపంచంలోకెల్లా పురాతనమైన హోటల్ అదేనని గిన్నిస్ గుర్తింపు ఉంది.

గది బుక్ చేసుకునేటప్పుడు ధర సాధారణంగా మనిషికింత అని ఉంటుందే తప్ప గదికింత అని ఉండదు. హోటళ్ళకు అలవాటుపడిన వారు తరచూ ఇక్కడే పొరబడతారు. ఇద్దరు వెళితే చూపిన మొత్తాన్ని రెండింతలు చేసుకోవాలి. ఒక రాత్రి, రెండు భోజనాలు కలిపిన పథకాన్ని ఇప్పకు నిషొకు అంటారు. శనివారం రాత్రులు, కొత్త సంవత్సరపు రోజులు, ఏప్రిల్ చివర మొదలయ్యే గోల్డెన్ వీక్, ఆగస్టు నడుమ వచ్చే ఒబోన్ సెలవుల్లో ధరలు బాగా పెరుగుతాయి కనుక, వారం మధ్యలో వెళ్ళగలిగినవారికి అదే గది చాలా చవకగా దొరుకుతుంది. దీనికి తోడు స్నానపు పన్ను అని మనిషికి సాధారణంగా 150 యెన్లు విడిగా తీసుకుంటారు. వంటకు కావలసినవి మీ సంఖ్యను బట్టి ముందే తెప్పిస్తారు కాబట్టి చివరి రోజుల్లో రద్దు చేస్తే డబ్బు పూర్తిగా పోవచ్చు. ఆలస్యం కాబోతుందని తెలిసిన వెంటనే ఫోన్ చేసి చెప్పడం కనీస మర్యాద. విదేశీ అతిథుల పాస్‌పోర్టు నకలు తీసుకోవడం అక్కడి నియమం కనుక దాన్ని చేతికందేలా ఉంచుకోండి.

శాకాహారులు ఈ విషయాన్ని బుక్ చేసే నాడే తేల్చుకోవాలి, అక్కడికి చేరాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. జపాన్ వంటకు మూలం దాషి అనే పులుసునీరు. అది చాలావరకు ఎండబెట్టిన బొనీటో చేపతో కాస్తారు, మిసో సూప్‌లోనూ, ఉడికించిన కూరగాయల్లోనూ, టోఫు మీద పోసే రసంలోనూ అదే ఉంటుంది. అందుచేత "మాంసం తినను" అని మాత్రమే రాస్తే, చేపలు తప్పక వస్తాయి. "చేపలు కూడా తినను" అని రాసినా దాషి వస్తుంది. మాంసం, చేప, రొయ్యల వంటివి, చేపతో కాచిన దాషి, వీటిలో ఏవి వద్దో ఒక్కొక్కటిగా రాసి, వీలవుతుందా అని అడగండి. వీలుకాదని కొన్ని విడుదులు సూటిగానే చెబుతాయి. ఆ జవాబును కాదనకుండా తీసుకొని, భోజనం లేని సుదోమారి పథకాన్ని గానీ, వేరే విడిదిని గానీ చూసుకోవడం మేలు. పూర్తి శాకాహారమే ముఖ్యమనుకుంటే వకయామాలోని కోయా కొండ మీద అతిథులకు బస ఇచ్చే బౌద్ధాలయాలు ఉన్నాయి. షుకుబో అని పిలిచే ఆ ఆలయ విడుదుల్లో షోజిన్ ర్యోరి అనే సన్యాసుల భోజనం పెడతారు. అయితే వాటిలో ఎక్కువ చోట్ల స్నానపు నీరు వేడినీటి బుగ్గది కాదు.

విడిదికి చేరగానే గెన్కాన్ అనే గుమ్మం గదిలో పాదరక్షలు విప్పి, ఎత్తుగా ఉన్న గచ్చు మీదికి ఎక్కి, అక్కడ పెట్టిన స్లిప్పర్లు తొడుక్కోవాలి. ఆ స్లిప్పర్లు నడవాల వరకే. తతామి పరిచిన గది గడపలో వాటిని విప్పి వట్టి కాళ్ళతోనో మేజోళ్ళతోనో లోపలికి అడుగుపెట్టాలి. మరుగుదొడ్డికి వేరే జత ఉంటుంది, ఆ జతతోనే గదిలోకి వచ్చేయడం కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు. తతామి గడ్డితో నేసినది, చక్రాల పెట్టెను దాని మీద దొర్లిస్తే గీరుకుపోతుంది, కాబట్టి పెట్టెను ఎత్తి తీసుకెళ్ళండి. గదిలో ఒక గోడకు కాస్త ఎత్తుగా, వేలాడే చిత్రంతోనూ ఒక పూలకుండీతోనూ కనిపించే గూడు తోకోనోమా. అది గదికంతటికీ గౌరవస్థానం, అక్కడ సామాను పెట్టకూడదు, కూర్చోకూడదు. నకాయి అని పిలిచే పరిచారిక టీ, ఒక చిన్న మిఠాయి తెచ్చి, భోజన సమయాలూ స్నానశాల దారీ చెబుతుంది. ఆ మిఠాయిని వదిలేయకండి, ఖాళీ కడుపుతో వేడినీళ్ళలో దిగితే కళ్ళు తిరగవచ్చు.

గదిలో మడిచి పెట్టిన యుకతా అనే నూలు అంగీని మీరు వెంటనే తొడుక్కోవచ్చు. విడిది అంతటా, విందుకు సైతం, దాన్నే వేసుకొని తిరగవచ్చు. ఎడమ అంచు పైకి వచ్చేలా, కుడి అంచు లోపలికి పోయేలా చుట్టుకొని నడికట్టు బిగించాలి. ఆడవారైనా మగవారైనా ఇందులో తేడా లేదు, దీనికి తిరగేసి చుట్టడం చనిపోయినవారికి చేసే పద్ధతి.

ఇక స్నానం. స్నానశాల వాకిట్లో నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంది. సాధారణంగా నీలం పురుషులకు, ఎరుపు స్త్రీలకు, అయితే రంగును మాత్రమే నమ్మకుండా అక్షరాన్ని చూడండి. పైన నాలుగు గళ్ళుగా విడిన చతురస్రం ఉన్నది పురుషుల అక్షరం, అడ్డగీతను రెండు వంకర గీతలు కోసుకుంటూ పోయినట్లున్నది స్త్రీలది. బట్టలు మార్చుకునే గదిలో ఒంటి మీది బట్టలన్నీ విప్పి బుట్టలో పెట్టాలి. ఈత దుస్తులు కూడా ఉండకూడదు. అందరి నడుమ అలా నిలబడటం మనలో చాలామందికి అలవాటు లేనిదే, తొలి రెండు నిమిషాలు కష్టంగానే ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ ఎవరినీ చూడరని గ్రహించాక మనసు తేలికపడుతుంది. పెద్ద తువ్వాలు అక్కడే వదిలి, చిన్న తువ్వాలు మాత్రం వెంట తీసుకెళ్ళండి. వెండి నగలు గంధకపు నీటిలో నల్లబడతాయి, వాటిని గదిలోనే తీసి ఉంచండి. ఫోను లోపలికి తేకూడదు.

కొలనులో దిగేముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవడమే ఈ ఆచారంలో ముఖ్యమైన భాగం. గోడ వెంట కుళాయిలు, పొట్టి పీటలు, చిన్న బేసిన్లు ఉంటాయి. పీట మీద కూర్చుని, పక్కవారి మీద నీళ్ళు చిందకుండా, సబ్బుతో తల నుంచి పాదాల వరకు రుద్దుకొని, నురుగు ఒక్క చుక్క కూడా మిగలకుండా కడిగేసుకోవాలి. కొలను అందరిదీ, ఆ నీరు ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు, కూర్చోవడానికి. లేచేటప్పుడు పీటనూ బేసిన్‌నూ కడిగి, దొరికినట్లే ఉంచండి. జుట్టు పొడవుగా ఉంటే పైకి ముడివేయాలి. కొలను అంచున కూర్చుని పాదాల మీద, ఆపై భుజాల మీద కొంచెం కొంచెం నీళ్ళు పోసుకొని ఒంటిని వేడికి సిద్ధం చేసి, మెల్లగా దిగండి. నీరు సాధారణంగా 40 నుంచి 42 డిగ్రీల వేడి ఉంటుంది. చిన్న తువ్వాలు నీటిలో ముంచకూడదు, మడిచి తల మీద పెట్టుకోవచ్చు లేదా గట్టున ఉంచవచ్చు. ఈత కొట్టడం, నీళ్ళు చల్లుకోవడం, బిగ్గరగా మాట్లాడటం తగవు.

మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. గుండె దడగా అనిపించేలోగానే లేచి, గట్టున కూర్చుని చల్లబడి, మళ్ళీ దిగడం మంచిది. రోతెన్‌బురో అనే ఆరుబయటి కొలను ఉంటే, చలికాలంలో మొహానికి చల్లగాలి తగులుతూ ఒళ్ళంతా వేడిలో ఉండటం ఎంత హాయో అది అనుభవించినవారికే తెలుస్తుంది, అయితే ఆ హాయిలోనే సమయం మరచిపోవడం జరుగుతుంది. లేవడం ఎప్పుడూ నెమ్మదిగానే. మద్యం తాగిన వెంటనే, కడుపు నిండా తిన్న వెంటనే దిగకూడదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు తమ వైద్యుని అడిగి వెళ్ళాలి. నెలసరి రోజుల్లో ఉమ్మడి కొలనులో దిగరు. బయటికి వచ్చేటప్పుడు ఖనిజాలు ఒంటి మీద నిలవడానికి మంచినీళ్ళతో కడుక్కోకుండా ఉండటం వాడుక. చర్మం సున్నితమైనవారు మాత్రం కుసాత్సు వంటి ఆమ్లజలం తరువాత ఒకసారి కడుక్కోవాలి. బట్టల గదిలో అడుగుపెట్టే ముందే చిన్న తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటే నేల తడవదు. ఆ తరువాత నీళ్ళు బాగా తాగండి.

పచ్చబొట్టు ఉన్నవారిని ఉమ్మడి స్నానశాలలోకి రానివ్వని విడుదులు నేటికీ చాలా ఉన్నాయి. నేరముఠాలతో పచ్చబొట్టుకు అక్కడ ఉన్న పాత ముడి దీనికి కారణం. ముందుగా అడగండి, చిన్నదైతే అంటించే పట్టీతో కప్పుకోవడానికి ఒప్పుకునే చోట్లు ఉన్నాయి, కినోసాకిలోని ఏడు స్నానశాలలకు అయితే ఈ అభ్యంతరమే లేదు. పచ్చబొట్టు వల్లనైనా బిడియం వల్లనైనా ఉమ్మడి స్నానం వద్దనుకునేవారు కషికిరి, అంటే గంట లెక్కన కుటుంబానికి ప్రత్యేకంగా ఇచ్చే కొలను ఉన్న విడిదిని ఎంచుకోవచ్చు. బిడియం ఒక్కటే అడ్డమైతే మాత్రం, ఒకసారి ఉమ్మడి కొలనుకే వెళ్ళి చూడండని నా మనవి.

విందును కాయిసెకి అంటారు. చిన్న చిన్న పాత్రల్లో ఆ కాలపు కూరగాయలు, పచ్చి చేప ముక్కలు, కాల్చినవి, ఉడికించినవి ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అన్నం, మిసో సూప్, ఊరగాయ ముక్కలు చివర వస్తాయి. అన్నం లేకుండా తినలేనివారు మొదటే అడిగితే తెచ్చిపెడతారు. ఎదుట చిన్న పొయ్యి మీద మూతపెట్టిన గిన్నె ఉంటే, దాని కింద మంట దానంతట అది ఆరే వరకు మూత తీయకండి, అప్పటికి లోపలిది సరిగ్గా ఉడుకుతుంది. తినడానికి ఇచ్చే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చడం, పుల్లల నుంచి పుల్లలకు ముక్క అందించడం అంత్యక్రియలను గుర్తుచేసే పనులు కనుక చేయకూడదు.

మీరు తిని వచ్చేలోగా గదిలో ఫుతోన్ పరుపులు పరిచి ఉంచవచ్చు, ఉదయం వాటిని మడిచి ఎత్తిపెట్టే పని మీది కాదు. మంచి సేవకు అదనంగా డబ్బు ఇవ్వాలన్న నియమం లేదు, సేవ ఖర్చు ధరలోనే ఉంటుంది. తెల్లవారుజామున స్నానానికి వెళ్ళేటప్పుడు నిద్రమత్తులో ఉన్నా తెర మీది అక్షరాన్ని మళ్ళీ చదవండి. స్త్రీల, పురుషుల స్నానశాలలను రాత్రికి రాత్రి మార్చే విడుదులు చాలా ఉన్నాయి, నిన్నటి దారినే వెళితే ఇబ్బందిలో పడతారు, చదివి వెళితే నిన్న చూడని కొలను దొరుకుతుంది. ఉదయపు భోజనం తరువాత పదింటికి ముందే లెక్క చూసుకోండి. పెద్ద పెట్టెను తక్క్యూబిన్ సేవ ద్వారా మరుసటి ఊరికి పంపమని అక్కడే అడగవచ్చు. గెన్కాన్‌కు వచ్చేసరికి మీ పాదరక్షలు ముందే తీసి, వాకిలి వైపు తిప్పి, తొడుక్కోవడానికి సిద్ధంగా పెట్టి ఉంటాయి.