మహానగరంలో తీరిగ్గా ఒక రోజు తిరగబోతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

పనేమీ పెట్టుకోకుండా పెద్ద ఊళ్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరగడం, నచ్చింది తినడం, కళ్లకు నచ్చింది కొనుక్కోవడం చాలా బాగుంటుంది. అలాంటి రోజు చెడిపోవడానికీ ఎంతోసేపు పట్టదు. పర్సు పోవచ్చు, కడుపు పాడవచ్చు, పిల్లవాడు చేయి విడిపించుకుని జనంలో కలిసిపోవచ్చు. పొద్దున్న హుషారుగా ఉన్నప్పుడు ఇలాంటివి మన కళ్లు కనిపెడుతూనే ఉంటాయి. మధ్యాహ్నం దాటాక కాళ్లు లాగుతూ, రెండు చేతులా సంచులుంటే కనిపెట్టలేం. అందుకే అన్నిటికంటే ముందు చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది: చూడాల్సినవి పొద్దున్నే చూడండి, కొనాల్సినవి ఆఖరున కొనండి. షాపింగ్ ముందు పెట్టుకుంటే ఆ బరువు రోజంతా మోయాలి. చాలా మ్యూజియాల్లో పెద్ద సంచులు లోపలికి రానివ్వరు కూడా.

రోజుకు చూసే చోట్లు రెండు మూడు చాలు. అవి ఆ రోజు తెరిచే ఉంటాయో లేదో ముందు రాత్రే చూసుకోండి. చాలా మ్యూజియాలకు వారానికో రోజు సెలవు ఉంటుంది, ఎన్నో చోట్ల అది సోమవారమే. మూసే వేళకు కాస్త ముందే టికెట్లు ఇవ్వడం ఆపేస్తారు కాబట్టి ఆ టైమ్ కూడా కనుక్కోండి. కొత్త చెప్పులు, కొత్త బూట్లు ఆ రోజు మొదలుపెట్టకండి. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి ప్లాస్టర్ వేసుకుంటే బొబ్బ లేవకుండా ఆపొచ్చు. ఇంకొంచెం నడిచాక వేసుకుందాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

డబ్బంతా ఒకే చోట పెట్టుకోవద్దు. ఖర్చుకు కావాల్సింది అందేలా, మిగతాదీ రెండో కార్డూ లోపలి జేబులో ఉంచుకోండి. ఫోన్‌కు స్క్రీన్ లాక్ పెట్టండి, పోయిన ఫోన్‌ను వెతికే సదుపాయం ఆన్ చేయండి. డయల్ చేసే చోట స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు కనిపిస్తుంది. దాన్నీ, కార్డు బ్లాక్ చేయించడానికి బ్యాంకు ఇచ్చిన నంబరునూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్‌లోనే రాసుకుంటే, ఫోన్ పోయిన రోజు ఆ నంబర్లు కూడా దానితోపాటే పోతాయి.

ఏటీఎం వాడాల్సి వస్తే రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్నదాని కంటే బ్యాంకు లోపలిది మేలు. పిన్ నొక్కేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక డబ్బు పంపేముందు తెరమీద వచ్చిన పేరు దుకాణం వాళ్లకు చదివి వినిపించండి. అసలు కోడ్ మీద వేరే స్టిక్కర్ అంటించి డబ్బు కొట్టేసే మోసాలున్నాయి. పరదేశంలో కార్డు గీకినప్పుడు మిషన్ మీ దేశపు కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మొదటి దాంట్లో మారకం రేటు మనకు నష్టంగా ఉండడమే మామూలు.

ఇక తిండి. బయట తినొద్దని చెప్పను, ఊరు తెలిసేదే అక్కడ. కాకపోతే తినే చోట ఒక నిమిషం నిలబడి చూడండి. గిరాకీ బాగా ఉందా, మన కళ్లముందే వండి పొగలు కక్కుతుండగా ఇస్తున్నారా, ప్లేట్లు ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీస్తున్నారా, డబ్బు తీసుకున్న చేత్తోనే వడ్డిస్తున్నారా అన్నది చూస్తే సంగతి తెలిసిపోతుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటారు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. వేడివేడిగా తీసుకున్నదానికి భయం తక్కువ. పొద్దుటి నుంచి మూత లేకుండా ఉన్న చట్నీ, సాస్, కోసిపెట్టిన పండ్లతోనే చిక్కు. వండి వదిలేసిన అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఐసు సంగతి చాలామంది మర్చిపోతారు. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవు, కాబట్టి సీసా నీళ్లు తాగుతూ పక్కన ఐసు వేయించుకుంటే లాభం లేదు. సీసా కొన్నప్పుడు మూత సీలు మన చేత్తోనే తెగాలి. రద్దీ వేళకు వెళ్తే సరుకు త్వరత్వరగా అమ్ముడవుతుంది, తాజాది దొరుకుతుంది. కొంచెం కొంచెంగా నాలుగు చోట్ల తినాలనుకుంటే మధ్యలో విరామమివ్వండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు ముక్కో, శానిటైజరో దగ్గరుంచుకోండి.

ఎండాకాలమైతే దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చదునైన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించితే ప్రమాదం. పక్కనున్న మనిషి తల తిరుగుతోందంటే నీడకు తీసుకెళ్లండి. మాట తడబడి, ఏమంటున్నారో తెలియకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒంటిమీద నీళ్లు చల్లుతూ గాలి విసరండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

జేబుదొంగలకు కావాల్సింది మన చూపు ఒక్క క్షణం పక్కకు తిరగడం. చొక్కా మీద ఏదో పోసి తుడవడానికి వచ్చేవాళ్లు, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టి సంతకం అడిగేవాళ్లు, రైలు తలుపు మూసుకునే ముందు తోసుకొచ్చేవాళ్లు కనబడితే ముందు మీ సంచి మీద చేయి వేయండి. బ్యాగు రోడ్డువైపు కాకుండా గోడవైపు భుజానికి ఉండాలి.

దొంగతనం కంటే నాకు ఎక్కువ భయం తొక్కిసలాట గురించి. ఎటువైపునుంచైనా ఒళ్లు తగులుతూ మన అడుగు మన చేతిలో లేదనిపిస్తే, అప్పుడే బయటపడాలి. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే అది ప్రమాదపు జనం. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి, ఎదురు తోయకుండా ఏటవాలుగా అంచువైపు జరగండి. కింద పడినదాన్ని తీయడానికి వంగొద్దు, ఫోనైనా సరే.

పిల్లలుంటే బయల్దేరేముందు వాళ్లను నిలబెట్టి ఫోటో తీసుకోండి. తప్పిపోతే ఆరోజు వేసుకున్న బట్టల రంగు చెప్పడానికి అదే పనికొస్తుంది. మణికట్టు మీద పెన్నుతో మీ నంబరు రాయండి. విడిపోతే అక్కడే ఆగమనీ, కౌంటర్లో ఉన్నవాళ్లనో యూనిఫాం వేసుకున్నవాళ్లనో అడగమనీ చెప్పండి. పెద్దవాళ్లు విడిపోతే మళ్లీ కలుసుకోవడానికి ప్రతి చోటా ఒక గుర్తు అనుకుని పెట్టుకోండి.

కొనేటప్పుడు మార్చుకునే వీలుందా అని డబ్బు కట్టకముందే అడగాలి. డిస్కౌంట్ సరుకుకు చాలాచోట్ల ఆ వీలుండదు. నున్నటి కాగితం మీద వచ్చే బిల్లు వేడికీ వెలుతురుకీ చెరిగిపోతుంది, అక్కడే ఫోటో తీసేసుకోండి.

ఆఖరి రైలు ఎన్నింటికో పొద్దున్నే తెలుసుకుని, చీకటి పడేటప్పటికి ఫోన్‌లో చార్జింగు మిగిలేలా చూసుకోండి. క్యాబ్ ఎక్కేముందు నంబరు ప్లేటు కలిసిందో లేదో చూసి, ఎవరికోసం వచ్చారని డ్రైవర్‌నే అడగండి. మీ పేరు మీరు ముందు చెప్పొద్దు.

ఇంటికొచ్చాక కడుపు కదిలితే కంగారు పడకుండా ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనబడినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లి, గత రెండు మూడు రోజుల్లో ఏమేం తిన్నారో వరసగా చెప్పండి. కొన్ని క్రిములు గంటల్లోనే బయటపడతాయి, కొన్నిటికి రెండు మూడు రోజులు పడుతుంది.