హెలికాప్టర్లలో పనిచేసి రిటైరైనవాళ్లు డాక్టర్ దగ్గరికి ఏం రాసుకెళ్లాలి

మీ ఇంట్లో ఎవరైనా మిలిటరీ హెలికాప్టర్ల మీద చేసి రిటైరైతే ఇది వాళ్లకి చదివి వినిపించండి. పైలట్లకే అనుకోకండి, తలుపు తీసిపెట్టి వించ్ (తాడు చుట్టే యంత్రం) మీద మనుషుల్ని పైకి లాగినవాళ్లు, ఇంజిన్ రన్నింగ్‌లో ఉండగా దాని పక్కనే పనిచేసిన టెక్నీషియన్లు ఇంజిన్ పొగని ఇంకా దగ్గరగా పీల్చారు.

బ్రిటన్‌లో సీ కింగ్, వెసెక్స్, ప్యూమా, చినూక్ అనే హెలికాప్టర్లలో చేసినవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు, ఇంజిన్ పొగ వల్లే క్యాన్సర్ వచ్చిందని రక్షణ శాఖ మీద కేసులు వేశారు. సీ కింగ్‌లో ఇంజిన్లు క్యాబిన్ పైనే ఉంటాయి, పక్క తలుపు తీస్తే పొగ లోపలికొస్తుంది. మన వైజాగ్‌లోని నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగాలో కూడా సీ కింగ్ రకమే అయిన యూహెచ్-3హెచ్‌లు 2024 దాకా ఎగిరాయి. అలాగని చేసిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని కాదు, భయపడొద్దు, కానీ డాక్టర్‌కి తెలియాలి కదా. మామూలుగా బీడీ సిగరెట్ అలవాటుందా అని అడుగుతారు గానీ ఏ హెలికాప్టర్‌లో చేశారని ఎవరూ అడగరు.

అందుకే ముందు ఒక కాగితం మీద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ హెలికాప్టర్, ఏ డ్యూటీ, తలుపు తీసి ఎగిరేవాళ్లా, ఫ్యూయల్, హైడ్రాలిక్ ఆయిల్, పెయింట్, సాల్వెంట్లు చేతులకి తగిలేవా, ఇవన్నీ రాయండి. గుర్తులేకపోతే పాత బ్యాచ్‌మేట్స్‌కి ఫోన్ చేసి అడగండి. లాగ్‌బుక్ ఉంటే జిరాక్స్ తీసి దానికి జతచేయండి.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. హెలికాప్టర్ ఊపుడుకి నడుం నొప్పి రావడం వీళ్లలో మామూలే, అందుకే ఏ నొప్పొచ్చినా పాత నొప్పేలే అని బామ్ రాసుకుని ఊరుకుంటారు, కానీ మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కూడా చాలామందిలో నడుం నొప్పితోనే బయటపడుతుంది. నొప్పి తగ్గకుండా పెరుగుతూ, దాంతోపాటు నీరసం, రక్తం తక్కువవడం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు ఉంటే సీబీసీ, క్రియాటినిన్, కాల్షియం, సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్షలు అవసరమా అని డాక్టర్‌ని మీరే అడగండి. వృషణంలో గడ్డ తగిలినా, దగ్గులో రక్తం పడినా, గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోయినా ఆగొద్దు.

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లైతే ఫ్యూయల్ పడిన ఓవరాల్ వెంటనే మార్చేయండి, గ్లవ్స్ లేకుండా సాల్వెంట్ ముట్టుకోవద్దు, చేతులు సబ్బుతో కడగకుండా టిఫిన్ తినొద్దు, క్యాబిన్‌లోకి పొగ వస్తుంటే నోటితో చెప్పి వదిలేయకుండా రాతపూర్వకంగా రిపోర్ట్ చేయండి.

రిటైరైనవాళ్లు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌కి వెళ్లినప్పుడు ఆ కాగితం ఫైల్‌లో పెట్టించి, ఒక కాపీ ఇంట్లో భార్యకో పిల్లలకో ఇచ్చి ఉంచండి. రేపు డిసెబిలిటీ పెన్షన్‌కి అప్లై చేయాల్సొస్తే జబ్బుకీ సర్వీసుకీ సంబంధం ఉందా అన్నదే చూస్తారు, అప్పుడు ఈ వివరాలే పనికొస్తాయి.