మ్యాకా, విండోసా? మీ ఫైల్‌నే అడగండి

పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి మ్యాక్ కొనాలా, సీటీసీలో (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్) విండోస్ పీసీ కట్టించుకోవాలా అని నెల రోజులు బుర్ర పాడుచేసుకున్నా. రివ్యూలు చూసేకొద్దీ అయోమయమే. చివరికి తేల్చింది ఒక పెన్‌డ్రైవ్.

64 జీబీ పెన్‌డ్రైవ్‌ని రెండు మెషీన్లూ చదివి రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి (విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మ్యాక్ చదువుతుంది గానీ రాయనివ్వదు). మీ కెమెరాలో తీసిన 4కే ఫుటేజ్‌తో, కలర్ గ్రేడింగ్ (రంగుల దిద్దుబాటు) చేసిన 5 నిమిషాల ప్రాజెక్టు అందులో వేసుకోండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ రెండింట్లోనూ నడుస్తుంది. రెండు మెషీన్లూ ఒక్కో రోజు అద్దెకు తెచ్చి, ఒకే సెట్టింగ్స్‌తో వరసగా మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి టైమ్ రాసుకోండి. మూడోసారి చూసేదే అసలు టైమ్, అప్పటికి మెషీన్ వేడెక్కి ఉంటుంది. నాకైతే అద్దె డబ్బులు దండగ అనిపించలేదు.

ఒక్కటి. మీరు కొనబోయే ర్యామ్, చిప్ ఉన్న మోడల్ మీదే పరీక్షించాలి, లేదంటే లెక్క తప్పుతుంది. మ్యాక్‌బుక్‌లో ర్యామ్ తర్వాత పెంచుకోలేం కూడా. శుభలేఖలు, ఫ్లెక్సీలు అను ఫాంట్స్‌లో చేసేవాళ్లకి, విండోస్‌లోనే నడిచే త్రీడీ సాఫ్ట్‌వేర్ త్రీడీఎస్ మ్యాక్స్ వాడేవాళ్లకి ఈ తంటా అక్కర్లేదు, విండోసే తీసుకోండి.