మీటర్‌లో మైనస్ 10, ఎయిర్ లైన్‌లో నీళ్లు

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో చలికాలం తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. సార్టెక్స్‌లో (రంగు మారిన గింజలను ఏరే మిషన్) గాలి ఊది గింజను తోసే ఎజెక్టర్లు అతుక్కుంటున్నాయి, నాజిళ్ల మూతికి తవుడు ముద్దగడుతోంది, ఫిల్టర్ గిన్నెలో నీళ్లు. కంప్రెసర్ గాలిలో తేమ తీసే డ్రైయర్ దగ్గరి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మీటర్ మాత్రం మైనస్ 10 డిగ్రీలు చూపిస్తోంది.

కారణం

ఆ మైనస్ 10 లైన్ ప్రెషర్‌లో తీసిన అంకె కాదు. శాంపిల్ గాలి ప్రెషర్ పోగొట్టుకుని బయటికి వచ్చాక తీసింది. ప్రెషర్ చెప్పకుండా డ్యూ పాయింట్ చెబితే ఆ అంకెకు అర్థం లేదు.

లెక్క చూడండి. మైనస్ 10 దగ్గర ఆవిరి పీడనం 2.6 మిల్లీబార్లు (నీటి ఆవిరి పీడనాల పట్టికలో సున్నాకు దిగువన మంచు వరస చూడాలి). గేజిలో 7 బార్ అంటే, బయటి గాలి ప్రెషర్ 1 బార్ కలిపి, అసలు ప్రెషర్ 8 బార్. లైన్‌లో ఆవిరి పీడనం కూడా అన్ని రెట్లు ఉంటుంది. 2.6ను 8తో గుణిస్తే 20.8. పట్టికలో దానికి ఎదురుగా ఉండేది సుమారు 18 డిగ్రీలు. అంటే డిసెంబర్ తెల్లవారుజామున షెడ్డు బయటి పైపు 18 కిందికి చల్లబడగానే లోపల నీళ్లు దిగుతాయి. మధ్యాహ్నం సాఫీగా నడిచిన మిషన్ పొద్దున మొరాయించేది ఇందుకే. గేజి అంకెతోనే, అంటే 7తో గుణిస్తే 16 వస్తుంది. ఆ 1 బార్ కలపడం చాలామంది మరిచిపోతారు.

తిరగేసి చూస్తే, లైన్ ప్రెషర్‌లో 3 డిగ్రీల డ్యూ పాయింట్ ఇచ్చే మంచి రిఫ్రిజిరేషన్ డ్రైయర్‌కు (గాలిని చల్లబరిచి తేమ తీసేది) ఆవిరి పీడనం 7.6 మిల్లీబార్లను 8తో భాగిస్తే 0.95. బయటి ప్రెషర్‌లో అది సుమారు మైనస్ 21. కొన్ని మీటర్లు మంచుకు బదులు నీటి వరస పట్టి మైనస్ 23 చూపిస్తాయి, తేడా అంతే. కాబట్టి మైనస్ 10 కనిపిస్తే డ్రైయర్ పని సరిగా చేయడం లేదు.

పరిష్కారం

ముందు మీటర్ సంగతి చూడండి. నీడిల్ వాల్వ్ (శాంపిల్ గాలిని సన్నగా వదిలే వాల్వ్) సెన్సార్‌కు ముందుంటే తీసి వెనక్కి, గాలి బయటికి పోయే వైపు పెట్టండి. సెన్సార్ గదిలో లైన్ ప్రెషర్ నిలుస్తుంది, మీటర్ నేరుగా ప్రెషర్ డ్యూ పాయింట్ చూపిస్తుంది. శాంపిల్ ట్యూబ్ స్టీలుదో పీటీఎఫ్ఈదో (టెఫ్లాన్) వాడాలి. రబ్బరు, నైలాన్ పైపులు తేమను లోపలికి వదులుతాయి.

తర్వాత డ్రైయర్. మిల్లులో మొదటి అనుమానం కండెన్సర్ (డ్రైయర్ వేడిని బయటికి వదిలే భాగం) మీదే. కరెంటు ఆపి, ఫిన్లలో పేరుకున్న ఊక దుమ్మును లోపలి నుంచి బయటికి ఊదండి. ఆటో డ్రెయిన్‌ను (చేరిన నీళ్లను దానంతటదే బయటికి వదిలేది) చేత్తో నొక్కి చూడండి. నీళ్లు ధారగా వస్తే అది మొరాయించినట్టే. అది సరిగానే ఉంటే డ్రైయర్‌ను చల్లబరిచే గ్యాస్ తగ్గిందేమో మెకానిక్‌తో చూపించాలి.

ఒక్క కీలక గుర్తు: రెగ్యులేటర్ 2.5 బార్‌కు దించాక అదే గాలి డ్యూ పాయింట్ 5 లేదా 6 డిగ్రీలకు పడిపోతుంది. అక్కడ కొత్తగా నీళ్లు పుట్టవు. ఎజెక్టర్‌లో నీళ్లు కనబడితే అవి వెనక నుంచి కొట్టుకొచ్చినవే, డ్రెయిన్లు, ఫిల్టర్లు వెతకండి.

కొత్త డ్రైయర్ కొనేటప్పుడు కొటేషన్‌లో మైనస్ 40 ఏ ప్రెషర్‌దో రాయించుకోండి. బయటి ప్రెషర్‌ది అయితే 7 బార్ దగ్గర అది మైనస్ 20 మాత్రమే.