సర్వర్ మార్పు తరువాత కార్యాలయ ఈమెయిల్: సెట్టింగుల సవరణ, స్పామ్ వడపోత మినహాయింపు – దరఖాస్తు విధానం

కార్యాలయ మెయిల్ సర్వర్ మారిన కొత్తలో మెయిల్ విభాగానికి అందే దరఖాస్తుల్లో చాలావాటికి అసలు దరఖాస్తే అవసరం ఉండదు. అవసరమైనవేమో “మెయిల్స్ రావడం లేదు, తగు చర్య తీసుకోగలరు” అన్న ఒక్క వాక్యంతో వస్తాయి గనుక, ఏ చర్య తీసుకోవాలో చదివినవారికి బోధపడదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ కార్యాలయాల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో సొంత డొమైన్‌పై (మెయిల్ చిరునామాలో @ తరువాత వచ్చే పేరు) మెయిల్ వాడుతున్న సిబ్బంది ఏ పనిని తామే చేసుకోవచ్చో, దేనికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలో, ఆ దరఖాస్తుకు ఏవి జతపరచాలో ఈ కింద వివరించడమైనది. సర్వర్ పేరు, మెయిల్‌బాక్స్ పరిమాణం, దరఖాస్తు నమూనా వంటివి సంస్థను బట్టి మారతాయి కాబట్టి వాటి విషయంలో మీ కార్యాలయం జారీ చేసిన సర్క్యులరే ప్రమాణం.

దరఖాస్తు లేకుండా మీరే మార్చుకోవలసినవి

బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి చూసుకునేవారు కొత్త లాగిన్ చిరునామాను గుర్తుపెట్టుకుంటే చాలు, మరేమీ మార్చనక్కరలేదు. కంప్యూటర్‌లో ఔట్‌లుక్, థండర్‌బర్డ్ వంటివి గానీ, ఫోన్‌లో మెయిల్ యాప్ గానీ వాడేవారే సెట్టింగులను సవరించుకోవాలి.

అయితే పాత ఖాతాను తీసేసి కొత్తగా చేర్చుకుందామని తొందరపడకూడదు. పాప్ పద్ధతిలో మెయిల్ దించుకునేవారి పాత ఉత్తరాలు సర్వర్‌లో కాకుండా ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండే అవకాశం ఉంది. ఖాతాను తొలగిస్తే వాటితో పాటు ఏళ్ల నాటి ఫైలు రికార్డు కూడా పోవచ్చు. కాబట్టి ముందుగా ఆ మెయిల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోనో కార్యాలయ సర్వర్‌లోనో భద్రపరచుకుని, ఉన్న ఖాతాలోనే వివరాలను మార్చాలి. పాప్ వాడేవారికి మార్పు తరువాత పాత మెయిళ్లు రెండోసారి దిగడం కూడా మామూలే. కొత్త సర్వర్ ప్రతి ఉత్తరానికీ కొత్త గుర్తు ఇవ్వడం వల్ల ప్రోగ్రాము వాటిని కొత్తవిగా భావిస్తుంది. దీనికి ఫిర్యాదు అవసరం లేదు.

ఖాతా సెట్టింగుల్లో ఇన్‌కమింగ్ సర్వర్, ఔట్‌గోయింగ్ సర్వర్ అని రెండు గడులుంటాయి. రెండింటిలోనూ కొత్త సర్వర్ పేరును అక్షరం పొల్లు పోకుండా టైపు చేయాలి. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని మరచిపోతారు. మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదన్న ఫిర్యాదులకు ఎక్కువగా మూలం ఇదే. ఇన్‌కమింగ్‌కు ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) అయితే పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం సంఖ్య) 993, పాప్ అయితే 995 ఇచ్చి, భద్రత గడిలో ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటు) ఎంచుకోవాలి. ఔట్‌గోయింగ్‌కు పోర్టు 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్‌ను, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్‌ను ఎంచుకోవాలి. ఈ జతలు తారుమారైతే ప్రోగ్రాము చాలాసేపు ప్రయత్నించి చివరకు సర్వర్ స్పందించడం లేదని చెబుతుంది తప్ప తప్పు ఎక్కడుందో చెప్పదు. ఔట్‌గోయింగ్ సర్వర్‌కు కూడా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలన్న గడిలో టిక్ పెట్టడం తప్పనిసరి. పాత సెట్టింగుల్లో 143 లేదా 110 ఉండి, భద్రత గడిలో ఏమీ ఎంచుకోకుండా వాడుతూ వచ్చినవారి పాస్‌వర్డ్ ఇంతకాలం బహిరంగంగానే ప్రయాణించినట్టు లెక్క, కనుక వారు పాస్‌వర్డును కూడా మార్చుకోవాలి. పోర్టు 25 సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకోవడానికి ఉద్దేశించినది. ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్ కనెక్షన్లలో దీన్ని తరచూ మూసే ఉంచుతారు. ఆఫీసు నుంచి వెళ్తున్న మెయిల్ ఇంటి నుంచి వెళ్లకపోతే ముందుగా ఈ పోర్టునే చూసుకోవాలి.

అన్నీ సరిగా ఇచ్చినా కనెక్షన్ కుదరని కంప్యూటర్లు కొన్ని ఉంటాయి. టీఎల్‌ఎస్ 1.0, 1.1 రూపాలను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టింది గనుక కొత్త సర్వర్లు సాధారణంగా 1.2, ఆపై రూపాలనే అనుమతిస్తాయి. మన సెక్షన్లలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపించే విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది. అలాంటి యంత్రంపై సెట్టింగులతో కుస్తీ పట్టడం కంటే వెబ్‌మెయిల్ వాడుతూ కొత్త కంప్యూటర్‌కు ఇండెంట్ పెట్టుకోవడమే మేలు. సర్వర్ అసలైనదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌లోని పేరు సరిపోలడం లేదన్న హెచ్చరిక వస్తే మాత్రం అంగీకరించకుండా ఆగాలి. చాలాసార్లు సర్వర్ పేరు పాతది ఉండిపోవడమే దానికి కారణమైనా, కారణం తేలకుండా ‘యాక్సెప్ట్’ నొక్కితే పాస్‌వర్డ్ ఎవరికి చేరుతుందో తెలియదు.

వడపోత ఎందుకు గాడి తప్పుతుంది

సర్వర్ మారగానే రావలసిన మెయిల్ స్పామ్‌లోకి పోవడానికీ, పోవలసిన స్పామ్ ఇన్‌బాక్స్‌లోకి రావడానికీ మూడు కారణాలు ప్రధానం. కారణాన్ని బట్టే దరఖాస్తు కావాలో లేదో తేలుతుంది.

మొదటిది వడపోత నేర్చుకున్నది పోవడం. స్పామ్ అసాసిన్ వంటి వడపోతలు ప్రతి మెయిల్‌కు మార్కులు వేసి, మామూలు అమరికలో 5 గానీ అంతకు మించి గానీ వచ్చినదాన్ని స్పామ్‌గా గుర్తిస్తాయి. ఆ మార్కుల్లో కొంత భాగం, వాడుకదారులు ఇదివరకు ఏది స్పామ్ అన్నారు, ఏది కాదన్నారు అన్న జ్ఞాపకం నుంచి వస్తుంది. ఆ జ్ఞాపకాన్ని కొత్త సర్వర్‌కు తరలించకపోతే వడపోత మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. స్పామ్ అసాసిన్ అయితే కనీసం 200 స్పామ్ మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు చూసేదాకా ఆ లెక్కను వాడుకోనే వాడుకోదు. దీనికి మందు దరఖాస్తు కాదు. స్పామ్ ఫోల్డర్‌ను రోజూ తెరిచి, మంచి మెయిల్‌ను ‘స్పామ్ కాదు’ అని, ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన చెత్తను ‘స్పామ్’ అని గుర్తుపెట్టాలి. ఇన్‌బాక్స్‌లోని స్పామ్‌ను ఊరికే డిలీట్ చేస్తే వడపోతకు ఏమీ తెలియదు.

రెండోది గ్రేలిస్టింగ్. ముందెన్నడూ మెయిల్ పంపనివారి నుంచి మెయిల్ వస్తే సర్వర్ “ఇప్పుడు కాదు, తరువాత రండి” అని తాత్కాలికంగా తిప్పిపంపుతుంది. అసలైన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది, స్పామ్ పంపే ప్రోగ్రాములు చాలావరకు అంత ఓపిక పట్టవు. కొత్త సర్వర్‌కు అందరూ కొత్తవారే కాబట్టి తొలి రోజుల్లో ప్రతి మెయిలూ ఆలస్యం కావచ్చు. మళ్లీ ప్రయత్నించడానికి కనీసం 30 నిమిషాల విరామం ఉండాలని మెయిల్ ప్రమాణం సూచిస్తున్నందున, పది నిమిషాల్లో గడువు తీరే ఓటీపీ మెయిల్ అందేసరికి పనికిరాకుండా పోతుంది. టెండర్, ట్రెజరీ పనులు చూసే సెక్షన్లకు ఇది నిజమైన ఇబ్బంది. దీనికి దరఖాస్తు చేయవచ్చు.

మూడోది మీరు పంపే మెయిల్‌కు సంబంధించినది. ఫలానా డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో తెలిపే రికార్డు ఎస్‌పీఎఫ్; మెయిల్‌పై సర్వర్ వేసే డిజిటల్ సంతకం డీకిమ్; ఈ రెండూ తప్పితే మెయిల్‌ను ఏం చేయాలో అవతలివారికి చెప్పేది డీమార్క్. కొత్త సర్వర్ చిరునామాను ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చకపోతే, మీరు పంపిన లేఖ అవతలివారి స్పామ్‌లో పడవచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది గనుక, విద్యార్థులందరికీ ఒకేసారి మెయిల్ పంపే పరీక్షల విభాగాలు దీన్ని తేలికగా తీసుకోరాదు. ఇది వ్యక్తిగత ఖాతాలో సరిచేసేది కాదు. విభాగాధిపతి ద్వారా మెయిల్ విభాగానికి తెలియజేయాలి.

దరఖాస్తు ఎలా చేయాలి

దరఖాస్తులో పేరు, హోదా, ఉద్యోగి గుర్తింపు సంఖ్య, సెక్షన్, మెయిల్ చిరునామా, ఫోన్ నంబరు ఇచ్చి, కోరుతున్నది ఏమిటో ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయాలి: ఫలానా చిరునామా నుంచి వచ్చే మెయిల్‌కు వడపోత నుంచి మినహాయింపు, ఫలానా తేదీన ఆపివేసిన మెయిల్ విడుదల, లేదా గ్రేలిస్టింగ్ నుంచి ఫలానా డొమైన్‌కు సడలింపు. మెయిల్ పనిచేస్తుంటే ఆ మెయిల్ ద్వారానే, లేకపోతే సెక్షన్ అధికారి సంతకంతో తపాల్‌లో ఇచ్చి ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి. పాస్‌వర్డ్‌ను దరఖాస్తులో రాయకూడదు. గుర్తింపుగా కార్యాలయ ఐడీ కార్డు నకలు చాలు. ఆధార్ అడిగితే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జతపత్రం మెయిల్ హెడర్, అంటే మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో, తనిఖీల్లో ఏం తేలిందో తెలిపే, మామూలుగా కనిపించని భాగం. స్పామ్‌లో పడిన మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేస్తే హెడర్ పోయి, పైకి కనిపించే విషయం ఒక్కటే మిగులుతుంది. ‘ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్’ చేయాలి, లేదా హెడర్‌ను నకలు తీసి జతపరచాలి. థండర్‌బర్డ్‌లో మెయిల్ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కితే, ఔట్‌లుక్ డెస్క్‌టాప్‌లో ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో, జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలోని ‘షో ఒరిజినల్’లో అది కనిపిస్తుంది.

ఉదాహరణకు, కోఠిలోని ఒక సరఫరాదారు తన డొమైన్ నుంచి పంపిన కొటేషన్ స్పామ్‌లో పడిందనుకుందాం. హెడర్‌లో ‘ఆథెంటికేషన్ రిజల్ట్స్’ అనే వరుస ఉంటుంది. అక్కడ ఎస్‌పీఎఫ్ ఎదురుగా ‘ఫెయిల్’ అని ఉంటే లోపం చాలావరకు సరఫరాదారు వైపే ఉన్నట్టు. మినహాయింపు ఇవ్వడం కన్నా, వారి రికార్డును సరిచేయించుకొమ్మని వారికి చెప్పడమే సరైన పని, ఎందుకంటే వారి మెయిల్ మీ ఒక్కరి దగ్గరే ఆగి ఉండదు. ‘పాస్’ అని ఉండి, స్పామ్ మార్కులు 5.4 వంటి అంకెతో గీత కొద్దిగా దాటి ఉంటే మీ దరఖాస్తుకు బలమైన ఆధారం దొరికినట్టే. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది: డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) టైపు చేసిన తెలుగు లేఖను మెయిల్‌లో అలాగే అతికిస్తే, ఆ ఫాంటు లేనిచోట అది అర్థంలేని గుర్తుల వరుసగా మారుతుంది, మనిషికే అర్థం కానిది వడపోతకు నమ్మకం కలిగించదు. అలా పంపేవారిని యూనికోడ్‌లో గానీ, పీడీఎఫ్‌గా గానీ పంపమని కోరాలి.

మినహాయింపును ఎంత ఇరుకుగా కోరితే అంత త్వరగా మంజూరవుతుంది. “జీమెయిల్ మొత్తాన్ని అనుమతించగలరు” అన్న దరఖాస్తును తిరస్కరించడమే మెయిల్ విభాగం ధర్మం. పంపినవారి చిరునామా గడిలో ఎవరి పేరైనా రాయవచ్చు గనుక, చిరునామా ఒక్కదానిపై కాకుండా దానితో పాటు డీకిమ్ సంతకం సరిపోవాలన్న షరతుతో మినహాయింపు కోరడం సురక్షితం. జోడించిన ఫైలు పెద్దదై మెయిల్ ఆగిపోతే దానికి వడపోత కారణం కాదు; మెయిల్‌లో పంపేటప్పుడు ఫైలు పరిమాణం దాదాపు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి, 20 ఎంబీ ఫైలు 25 ఎంబీ హద్దు ఉన్నచోట వెళ్లదు.

విడుదల కోరే దరఖాస్తును ఆలస్యం చేయకూడదు. ఆపివేసిన మెయిళ్లను సర్వర్లు కొంతకాలమే ఉంచుతాయి; జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో అయితే 30 రోజులు దాటినవి వాటంతటవే తొలగిపోతాయి. సర్వర్ నిలిపివేసిన గంటల్లో పంపిన మెయిల్ గురించి మాత్రం వెంటనే ఆందోళన అనవసరం: పంపే సర్వర్ కనీసం 4–5 రోజులు ప్రయత్నించాలని ప్రమాణం చెబుతోంది. అప్పటికీ అందకపోతే పంపినవారికి తిరుగుమెయిల్ వెళ్లి ఉంటుంది. దాని నకలును తెప్పించుకుని జతపరచాలి.

మార్పు పేరుతో వచ్చే దొంగ మెయిళ్లు

సర్వర్ మారిందన్న వార్త బయటకు పొక్కగానే “మీ మెయిల్‌బాక్స్ అప్‌గ్రేడ్ పూర్తి కాలేదు, ఈ లింకులో పాస్‌వర్డ్ ధ్రువీకరించండి” అన్న మెయిళ్లు మొదలవుతాయి. అసలు మెయిల్ విభాగానికి మీ పాస్‌వర్డ్‌తో పని లేదు. అలాంటిదానిలో పాస్‌వర్డ్ ఇచ్చినవారు వెంటనే వేరే కంప్యూటర్ నుంచి దాన్ని మార్చి, ఖాతాలో తమకు తెలియకుండా ఫార్వర్డింగ్ నియమం ఏదైనా చేరిందేమో చూసి, మెయిల్ విభాగానికి అదే రోజు రాతపూర్వకంగా తెలపాలి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.

సెక్షన్ పేరుతో ఉన్న ఉమ్మడి ఖాతాల విషయంలో దరఖాస్తుదారు ఆ సమయానికి బాధ్యతలో ఉన్న అధికారే అవుతారు. బదిలీపై వెళ్లేవారు చార్జ్ అప్పగింత పత్రంలో ఆ ఖాతాకు మంజూరైన మినహాయింపుల జాబితాను చేర్చాలి. కొత్తగా వచ్చినవారు పాస్‌వర్డ్ మార్చుకున్నాక, వాటిలో అక్కరలేనివాటిని రద్దు చేయమని అదే నమూనాలో దరఖాస్తు చేయవచ్చు.